నక్షత్రపు చీటి: గృహయంత్రముల కొనుగోలు

విత్తనపు సంచిని బండి కెక్కించుకొనుటకు ముందు దాని మూతికి గట్టిన చీటిని తిప్పి చూడని రైతు మనలో అరుదు. ధ్రువీకృత విత్తనమైనచో ఆ చీటి నీలిరంగున నుండును. వరి విత్తనమైనచో నూటికి 80 పాళ్లకు తక్కువ గాకుండ మొలక యుండవలెనని నియమము గలదు. ఏ తేదిని పరీక్షించిరో, ఎంతకాలము చెల్లునో యను సంగతులు దానిపై నుండును. సంచిలోని గింజను కంటితో జూచినంత మాత్రమున మొలక తెలియదు. అది తెలియువేళకు నారుమడి పోయియుండును, అదను దాటియుండును. కావుననే చీటిని నమ్మి, చీటి లేని సంచి పది రూపాయలు తక్కువకు వచ్చినను వలదని చెప్పుదుము.

అట్టి రైతే బస్తీకి బోయి ఇంటికి ఫ్యానో, ఫ్రిజ్జో, చల్లగాలి యంత్రమో కొనునప్పుడు దానిపై నంటించిన నక్షత్రపు చీటిని చదువకయే తిరిగి వచ్చుచున్నాడు. రంగు చూచును, బేరమాడును, వాయిదాల సంగతి యడుగును. ఆ యంత్రము సాలుకు ఎన్ని యూనిట్ల కరెంటు తినునో మాత్ర మడుగడు. ఇట్లేల జరుగుచున్నది? ఆ చీటి కొనువాని నిర్ణయమును ఎంతవఱకు మార్చగలదు? ఎక్కడ మార్చజాలదు? ఈ విషయములను సభ్యుల యెదుట నుంచుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

చీటి పుట్టుక

మన దేశమున 2001 సంవత్సరమున ఇంధన పొదుపు చట్టము చేయబడెను. దాని ననుసరించి 2002 మార్చినెలలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ యను ప్రభుత్వ సంస్థ యేర్పడెను. ఆ సంస్థవారు 2006 మే నెలలో యంత్రములకు నక్షత్రములిచ్చు పద్ధతిని ఆరంభించిరి. మొదట నది తయారీదారుల యిష్టమునకు వదలబడినది. 2010 జనవరి మొదలు గదిని చల్లబరచు యంత్రములకును, మంచు పేరుకొనని ఫ్రిజ్జులకును తప్పనిసరి చేయబడినది. 2023 జనవరి 1వ తేది మొదలు సీలింగు ఫ్యాన్లకు గూడ తప్పనిసరి యైనది.

ఇతర దేశములలో నీ పద్ధతి యింతకంటె పాతది. అమెరికాలో 1980 మొదలు పసుపుపచ్చని చీటి యంత్రములపై నంటింపబడుచున్నది. ఐరోపాలో 1992వ సంవత్సరపు నిర్ణయము ననుసరించి అక్షరముల చీటి వచ్చినది. మేలైన యంత్రమునకు 'ఎ' అనియు, మిక్కిలి నాసియైనదానికి 'జి' అనియు గుర్తు. అమెరికా చీటి సాలుకు కాగల ఖర్చును డబ్బులోనే చూపును. మన చీటి యూనిట్లను మాత్రము చూపును. కాబట్టి యూనిట్లను రూపాయలుగా మార్చుకొను పని కొనువానిదే. అక్కడనే మనలో పెక్కుమంది ఆగిపోవుచున్నారు.

చీటిలో నేమున్నది

చీటి పై భాగమున ఒకటి మొదలు అయిదువఱకు నక్షత్రము లుండును. ఎక్కువ నక్షత్రములున్న యంత్రము, తన తరగతిలో, తక్కువ కరెంటుతో నదే పని చేయునని యర్థము. క్రింద యంత్రపు పేరు, మోడలు, పరిమాణము ఉండును. ఫ్రిజ్జు, చల్లగాలి యంత్రముల చీటిపై సాలుకు ఇన్ని యూనిట్లను అంకెయు, ఆ నక్షత్రములు ఏ కాలమునకు చెల్లునో ఆ కాలమును కనబడును. నక్షత్రములు దూరమునుండి కనబడును. అంకెలకొఱకు దగ్గఱకు బోయి వంగి చూడవలెను. మనకు నిజముగా పనికివచ్చునవి ఆ అంకెలే.

చీటిలోని సంగతులను తయారీదారులే ప్రకటింతురు. బ్యూరోవారు బజారునుండి యంత్రములను తెప్పించి పరీక్షింతురు. అనుమానము గలవారు బ్యూరోవారి సెల్‌ఫోను యాప్‌లో మోడలు పేరు వెదకి సరిచూచుకొనవచ్చును. చదువుకొను పిల్లలున్న యింట నిది రెండు నిమిషముల పని.

కనబడు వెల, కనబడని వెల

ఎద్దును కొనువాడు సంతలో చెప్పిన ధరనే లెక్కింపడు; అది యెంత మేయునో, ఎన్నేండ్లు దున్నునో గూడ లెక్కించును. యంత్రమునకును రెండు వెలలు గలవు. ఒకటి దుకాణములో నొక్కసారి చెల్లించునది. రెండవది పది పన్నెండేండ్లు నెలనెలకు కరెంటు బిల్లులో చెల్లించునది. మొదటిది కంటికి గనబడును. రెండవది బిల్లులో దీపములతో, టెలివిజనుతో, మోటారుతో కలిసిపోయి, ఏది యెంత తిన్నదో తెలియకుండ పోవును. నక్షత్రపు చీటి చేయు మేలెల్ల నొక్కటే: ఆ దాగిన రెండవ వెలను దుకాణములోనే, మొదటి వెల ప్రక్కన నిలుపుట. కొనువాని మనస్సును అది మార్చుచున్నదన్నచో, ఈ మార్గముననే మార్చుచున్నది.

ఫ్యాను లెక్క

సీలింగు ఫ్యానును ఉదాహరణముగా దీసికొందము. పాతరకపు ఫ్యాను నిండు వేగమున దిరుగునప్పుడు సుమారు 75 వాట్లు తీసికొనును. బి.ఎల్.డి.సి. యను క్రొత్తరకపు మోటారుగల ఫ్యాను సుమారు 30 వాట్లతో నదే గాలి నిచ్చును. దినమునకు 12 గంటల చొప్పున సాలుకు 300 దినములు తిరిగిన పక్షమున, మొదటిదానికి 270 యూనిట్లు, రెండవదానికి 108 యూనిట్లు పట్టును. తేడా 162 యూనిట్లు. యూనిటు 5 రూపాయలుగా గొన్నచో సాలుకు 810 రూపాయలు మిగులును.

క్రొత్త ఫ్యాను వెల 1,500 రూపాయలు హెచ్చనుకొందము. ఆ సొమ్ము సుమారు 22 నెలలలో తిరిగివచ్చును. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పుతెచ్చి కొన్నను, సాలుకు వడ్డీ 360 పోగా ఇంకను 450 రూపాయలు మిగులును. తక్కువ వేగమున దిప్పుకొనువారికి మిగులు కొంత తగ్గును, అయినను లాభమే.

అయితే ఆ ఫ్యాను చుట్టములు వచ్చినప్పుడు మాత్రము తిరుగు గదిలోనిదై, దినమునకు సగటున మూడు గంటలే తిరిగినచో, మిగులు 202 రూపాయలకు దిగును. అప్పుడు 1,500 రూపాయలు రాబట్టుటకు ఏడేండ్లు దాటును. కావున ఇంటిలోని ఫ్యాన్లన్నియు నొక్కసారి మార్చవలెనని మేము చెప్పము. రాత్రింబవళ్లు తిరుగు నడిమింటి ఫ్యానును ముందు మార్చుకొనుడు; తక్కినవి పాడైనప్పుడు చూచుకొనవచ్చును.

ఫ్రిజ్జు లెక్క, వడ్డీ లెక్క

ఫ్రిజ్జు ఫ్యానువలె గాదు. సాలంతయు, రేయింబవళ్లు, కరెంటునకు దగిలియే యుండును. ఒకే పరిమాణముగల రెండు ఫ్రిజ్జులలో రెండు నక్షత్రములదానిపై 200 యూనిట్లనియు, అయిదు నక్షత్రములదానిపై 120 యూనిట్లనియు ఉన్నదనుకొందము. తేడా 80 యూనిట్లు, అనగా సాలుకు 400 రూపాయలు. రెండవదాని వెల 2,000 రూపాయలు హెచ్చనుకొందము.

చేతిలో సొమ్మున్న సభ్యునికి ఇది మంచి బేరము. రెండువేలు పెట్టుబడికి సాలుకు నాలుగువందలు, అనగా నూటికి ఇరువది, రాబడి వచ్చినట్లు. ఏ డిపాజిటుమీదను అంత రాదు. నూటికి సాలుకు 9 రూపాయల వడ్డీకి దెచ్చి కొన్నను, మిగిలిన కరెంటు సొమ్ముతోనే అసలు వడ్డీలు సుమారు ఏడేండ్లలో తీరును. ఆ తరువాత మిగులంతయు మనదే.

ఊరిలోని వడ్డీవ్యాపారియొద్ద నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున దెచ్చువాని సంగతి వేఱు. రెండువేలకు సాలుకు వడ్డీయే 480 రూపాయలు. కరెంటులో మిగులునది 400. అసలు తీరుటకు మాఱుగా సాలుకు 80 రూపాయలు చేతినుండి పడును. అట్టివాడు చీటిని చదివి, అర్థము చేసికొని, అయినను రెండు నక్షత్రములదానినే కొన్నయెడల వానిని తెలివితక్కువవాడని యెవ్వరనగలరు? వాని లెక్క వానికి సరియైనదే. తప్పు వడ్డీరేటులో నున్నది.

ఈ సంగతి మన యూళ్లకే పరిమితమైనది గాదు. జెర్రీ హౌస్మన్ అను అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు 1979లో ప్రకటించిన పరిశోధనలో, గదిని చల్లబరచు యంత్రములను కొనువారు వెలను, మున్ముందు కాబోవు కరెంటు ఖర్చును ఎట్లు తూచుచున్నారో లెక్కగట్టెను. రేపటి పొదుపును వారు సాలుకు నూటికి ఇరువదివంతున తగ్గించి చూచుచున్నట్లు తేలెను. కొనువాని యాదాయము తగ్గినకొలది ఆ రేటు పెరుగుచున్నదనియు ఆయన కనుగొనెను. అనగా పేదవానికి నేటి వంద రూపాయలు బరువు, రేపటి వంద రూపాయలు తేలిక. చీటిపై నెన్ని నక్షత్రములు ముద్రించినను ఆ బరువు తగ్గదు.

దీనినుండి మేము గ్రహించున దేమనగా, చీటి చదువుట నేర్పిన మాత్రమున చాలదు; చీటి చెప్పిన మాటను పాటించుటకు వలసిన సొమ్ము సరసమైన వడ్డీకి దొరకవలెను. ఇది పరస్పర సహాయ సంఘములు చేయదగిన పని. సామాన్య వాయిదాలలోగూడ మోసపోకుండుటకు, వాయిదాల మొత్తమును నగదు వెలతో పోల్చి చూడవలెను. వడ్డీ లేదని చెప్పబడు వాయిదాలలో నగదు తగ్గింపు పోవుచున్నదేమో, వేఱు రుసుములు చేరుచున్నవేమో యడిగి తెలిసికొనవలెను.

నక్షత్రములను లెక్కించుటలో పొరపాట్లు

చీటిని చూచువారిలోగూడ పెక్కురు నక్షత్రములను లెక్కించి అంకెను విడిచిపెట్టుచున్నారు. దీనివలన మూడు పొరపాట్లు కలుగుచున్నవి.

మొదటిది పరిమాణపు పొరపాటు. నక్షత్రములు తన తరగతిలోని యంత్రములతో పోల్చి యిచ్చునవి. నలుగురున్న యింటికి చాలు చిన్న ఫ్రిజ్జుపై మూడు నక్షత్రములు, 160 యూనిట్లు ఉండవచ్చును. ప్రక్కనున్న పెద్ద ఫ్రిజ్జుపై అయిదు నక్షత్రములు, 230 యూనిట్లు ఉండవచ్చును. నక్షత్రములకు మోహపడి పెద్దదానిని కొన్నవాడు వెలయు నెక్కువ యిచ్చును, బిల్లును నెక్కువ కట్టును. పొదుపు చేసితినని సంతోషించును. ముందుగా నింటికెంత పరిమాణము కావలెనో నిర్ణయించుకొని, ఆ పరిమాణములోనే నక్షత్రములను పోల్చవలెను.

రెండవది కాలపు పొరపాటు. విత్తనపు చీటికి గడువున్నట్లే నక్షత్రములకును గడువు గలదు. యంత్రములు మెఱుగైనకొలది బ్యూరోవారు మెట్టును పెంచుచుందురు. 2022 జూలైలో చల్లగాలి యంత్రముల మెట్టు పెంచినప్పుడు, అంతకు ముందు అయిదు నక్షత్రములుగా నున్న యంత్రములు నాలుగింటికి దిగినవి. యంత్రము మాఱలేదు, కొలత మాఱినది. ఇది మంచిదే. ఐరోపావారు మెట్టు పెంచక, 'ఎ' పైన మఱల 'ఎ'కు ఒకటి, రెండు, మూడు కూడిక గుర్తులు చేర్చుచు పోయిరి. తుదకు 'ఎ' తోడి గుర్తులన్నియు మంచివే యనిపించి, వానిమధ్యనున్న తేడా కొనువారికి పట్టకపోయెను. కావున 2021 మార్చి మొదలు ఫ్రిజ్జులు మొదలగు కొన్ని యంత్రములకు ఆ గుర్తులను తీసివేసి, తిరిగి 'ఎ' నుండి 'జి' వఱకు గల సాదా కొలతకే వచ్చిరి. పాత సరకును తగ్గింపు ధరకు చూపినప్పుడు చీటిపై నున్న కాలమును చూచి, ఆ నక్షత్రములు ఏనాటివో తెలిసికొనుడు.

మూడవది వాడుకలోని పొరపాటు. చల్లగాలి యంత్రపు చీటిపై నుండు యూనిట్లు సాలుకు 1,600 గంటల వాడుకకు లెక్కగట్టినవి. మన పల్లెలలో ననేకులు ఏప్రిలు, మే నెలలలో రాత్రివేళ మాత్రమే దానిని నడుపుదురు. అది 400 గంటలు దాటదు. మూడు నక్షత్రముల యంత్రముపై 1,000 యూనిట్లు, అయిదింటిపై 780 యూనిట్లు ఉన్నవనుకొందము. పూర్తి వాడుకలో తేడా 220 యూనిట్లు, అనగా 1,100 రూపాయలు. నాలుగవవంతు వాడుకలో 275 రూపాయలే. వెలలో తేడా 6,000 రూపాయలైనచో మొదటివానికి అయిదున్నర యేండ్లలో సొమ్ము తిరిగివచ్చును. రెండవవానికి దాదాపు ఇరువదిరెండేండ్లు పట్టును. అంతవఱకు యంత్రమే యుండదు. అట్టివానికి మూడు నక్షత్రములే తగినవి. చీటి కొలబద్ద గాని యాజ్ఞ గాదు.

ఇక్కడ నొక్క హెచ్చరిక. గృహముల కరెంటు ధర వాడుక హెచ్చినకొలది పైమెట్టుకు పోవును. కావున మిగులును లెక్కించునప్పుడు మీ బిల్లులో చివరి యూనిట్లకు పడిన ధరనే తీసికొనవలెను. ఎక్కువ వాడుక గల యింటికి చీటి చూపు లాభము మేము చెప్పిన దానికంటె నెక్కువగా నుండును.

కొనువా రొకరు, కట్టువా రొకరు

చీటి యేమాత్రమును పనిచేయని స్థలము లొకటి రెండు గలవు. ఆడపిల్లను అత్తవారింటికి పంపునప్పుడు సారెతోబాటు ఫ్రిజ్జు, బట్టలుదుకు యంత్రము పంపుట నేడు వాడుకయైనది. పుట్టింటివారు వెలను చూచి కొందురు. చూచువారికి గొప్పగా గనబడుటకు పెద్దదానిని కొందురు. బిల్లు కట్టువారు అత్తింటివారు. అద్దె యిండ్లలోను నిదే తీరు: యజమాని చౌక ఫ్యాను బిగించును, అద్దెకున్నవాడు బిల్లు కట్టును. కొను చేయి యొకటి, కట్టు చేయి మఱియొకటి యైనప్పుడు చీటిని చదువువాడే లేకపోవును. సారె యిచ్చు తల్లిదండ్రులకు మా మనవి: పరిమాణములో కొంత తగ్గించి నక్షత్రములలో నొకటి హెచ్చించుడు. మీరిచ్చిన సొమ్ము బిడ్డ యింట నెలనెలకు మిగులుచుండును.

మన పొలముల సంగతియు నిట్టిదే. వ్యవసాయపు పంపుసెట్లకు గూడ నక్షత్రపు చీటి గలదు. కాని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో సేద్యపు కరెంటు ఉచితముగా నిచ్చుచున్నందున మోటారు తిను యూనిట్లు మన లెక్కకు రావు. కావున మోటారు కొనునప్పుడు చీటి నడుగువా రరుదు. ఇది సరిగాదని మా యభిప్రాయము. ఆంధ్రప్రదేశ్‌లో సేద్యమునకు కరెంటు దినమునకు తొమ్మిది గంటలే యిచ్చుచున్నారు. బావి లోతునకు తగినట్లు ఏర్చికొన్న మంచి పంపు అదే శక్తితో, అదే గంటలలో, హెచ్చు నీరు తోడును. బిల్లులో గనబడని లాభము మడిలో గనబడును. ట్రాన్స్‌ఫార్మరుపై బరువు తగ్గుటవలన ప్రక్క రైతుల మోటార్లకును మేలు.

చీటి చెప్పని సంగతులు

యంత్ర మెన్నేండ్లు మన్నునో చీటి చెప్పదు. పాడైనప్పుడు బాగుచేయువాడు మండల కేంద్రములో నున్నాడో, జిల్లా కేంద్రమునకు పోవలెనో చెప్పదు. మన యూరి వోల్టేజి హెచ్చుతగ్గులకు తట్టుకొనునో లేదో చెప్పదు. ఇవి దుకాణదారునిని, అంతకంటె ముఖ్యముగా అదే యంత్రమును వాడుచున్న యిరుగుపొరుగువారిని అడిగి తెలిసికొనవలసినవి.

కొనబోవునప్పుడు

పంట సొమ్ము చేతికి వచ్చినప్పుడో, ఎండలు ముదిరి పాత యంత్రము చెడినప్పుడో మనము తొందరపడి బజారునకు బోవుదుము. తొందరలో నున్నవాడు వెలను మాత్రమే చూచును. కావున సభ్యులు బయలుదేరుటకు ముందే యింటివద్ద ఈ సంగతులను వ్రాసికొనవలెనని కోరుచున్నాము.

1. మన యింటికి ఎంత పరిమాణము చాలును?
2. సాలుకు ఎన్ని గంటలు వాడుదుము?
3. మన బిల్లులో చివరి యూనిటుకు ధర యెంత?
4. ఒకే పరిమాణముగల రెండు యంత్రముల చీటిపై యూనిట్ల తేడా యెంత? అది సాలుకు ఎన్ని రూపాయలు?
5. వెలలో తేడా యెంత? ఆ సొమ్ము మనకు ఏ వడ్డీకి దొరకును?

నాలుగవ ప్రశ్నకు వచ్చిన రూపాయలు, అయిదవ ప్రశ్నకు వచ్చిన వడ్డీకంటె బాగుగ హెచ్చినచో నక్షత్రముల యంత్రమునే కొనుడు. తగ్గినచో నిస్సంకోచముగా చౌకదానిని కొనుడు. చీటిని చదివి లెక్కచూచుకొని కొన్నది ఏదైనను మంచి కొనుగోలే.

అధిక వడ్డీవలన మంచి యంత్రమును వదలుకొనవలసి వచ్చు సభ్యులకు, వెలలోని తేడా మేరకు చిన్న ఋణములు సరసమైన వడ్డీకి ఇచ్చు విషయమును సంఘములు తమ మహాజనసభలలో చర్చింపవలెనని మా సూచన. రెండువేల రూపాయల ఋణము చూచుటకు చిన్నది. కాని వడ్డీవ్యాపారికి పోవు సొమ్మును, కరెంటు బిల్లునకు పోవు సొమ్మును ఏకకాలమున తగ్గించి యింటిలో నిలుపగల ఋణములు మిక్కిలి కొద్ది. విత్తనపు చీటిని చదువుట మన పెద్దలకు సంఘములే యలవాటు చేసినవి. ఈ చీటిని చదువుటయు, దాని మాట చెల్లించుకొనుటయు మనమే యలవాటు చేసికొందము.